యల్లాప్రగడ సుబ్బారావుగారు – కుక్క గుండెలోని పురుగు

మన సంఘం ఉగాది సంచికలో ఒక పెద్దవారి జీవితాన్ని సభ్యులందరమూ కలిసి తలచుకోవడం ఉచితమని తోచి, ఈ యేడు డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావుగారిని ఎంచుకున్నాము. ఆయన పేరు వినని తెలుగువారు తక్కువే. ఫోలిక్ ఆమ్లము, కాన్సరు మందు, ఆరియోమైసిన్ అనగానే ఆయన జ్ఞాపకానికి వస్తారు. ఐతే ఆయన పర్యవేక్షణలో వెలువడిన మరొక మందును గూర్చి మన యిళ్ళలో అంతగా చెప్పుకోవడం లేదు. అది బోదకాలు మందు. ఆ మందు గుణాన్ని మొదట రుజువు చేసిన ప్రాణులలో కుక్క కూడా ఒకటి. కుక్క గుండెలో కాపురముండే పురుగూ, మనిషి కాలిని ఏనుగుకాలుగా మార్చే పురుగూ ఒకే వంశానివి.

పెరియంపట్టిలో ఐనా, ధర్మపురి జిల్లాలోని తక్కిన పల్లెల్లో ఐనా మన తెలుగు కుటుంబాల వాకిళ్ళలో కుక్క కనబడుతూనే ఉంటుంది. పొలానికీ, పశువుల కొట్టానికీ, ఇంటికీ అదే కాపలా. బెంగుళూరుకూ, ఆపైన అమెరికాకూ వెళ్ళిన మన పిల్లలు ఇంట్లోనే బిడ్డలా పెంచుకుంటున్నారు. అమెరికాలో పశువైద్యుడు వారి కుక్కకు నెలనెలా ఒక మాత్ర వ్రాసి యిస్తాడు. ఆ మాత్ర ఎందుకు, అది వేయకపోతే ఏమవుతుంది, జబ్బు ముదిరితే ఏమి చేస్తారు అనే సంగతులన్నీ సుబ్బారావుగారి చరిత్రతో ముడిపడి ఉన్నవి. అందుచేత రెంటినీ కలిపి వ్రాస్తున్నాము.

సుబ్బారావుగారు 1895 జనవరి 12వ తేదీన భీమవరంలో పుట్టారు. తండ్రి జగన్నాథంగారు, తల్లి వెంకమ్మగారు. ఏడుగురు సంతానంలో ఆయన నాలుగవవారు. ఇంట్లో కలిమి లేదు. పదమూడో యేట, కాశీలో యాత్రికులకు అరటిపళ్ళు అమ్మి డబ్బు గడించాలని ఇల్లు విడిచి బయలుదేరిన కుర్రవాణ్ణి తల్లి వెనక్కు రప్పించి, మళ్ళీ బడిలో కూర్చోబెట్టింది. చదువు కూడా సులువుగా అబ్బలేదు. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి, మద్రాసు హిందూ హైస్కూలు నుంచి మూడోసారికి గట్టెక్కారు. గోదావరి సీమ విడిచి అరవదేశానికి వచ్చి నిలదొక్కుకున్న తెలుగువారిలో ఆయన కూడా ఒకరన్నమాట. ఆనాడు రెండు సీమలూ ఒకే రాజధానిలో ఉన్నా, ఊరు మారినవాడి కష్టం ఎప్పుడూ ఒకటే గదా.

ప్రెసిడెన్సీ కాలేజీలో చదివే రోజుల్లో ఆయన మనసు రామకృష్ణ మఠం వైపు మళ్ళినది. సన్యసించడానికి తల్లి ఒప్పుకోలేదు. వైద్యం నేర్చుకొని జనానికి సేవ చేయమని పెద్దలు దారి చూపగా, మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. 1919లో శేషగిరిగారితో వివాహమైనది. మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తిగారు చదువుకు సాయపడ్డారు. గాంధీగారి పిలుపు విని సుబ్బారావుగారు ఖద్దరు కట్టడం, శస్త్రచికిత్స తరగతిలో కూడా ఖద్దరు దుస్తే తొడుక్కోవడం తెల్లదొర ఆచార్యుడికి గిట్టలేదు. దాని ఫలితంగా ఎం.బి.బి.ఎస్. పట్టాకు బదులు తక్కువస్థాయి ఎల్.ఎం.ఎస్. మాత్రమే చేతికి వచ్చినది. సర్కారు వైద్యశాఖలో చోటు దొరకక, డాక్టర్ ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రం బోధించారు.

ఈలోగా ఇంట్లో పెద్ద దెబ్బ తగిలినది. స్ప్రూ అనే సంగ్రహణి జబ్బుతో అన్నదమ్ములిద్దరు కొద్ది రోజుల తేడాలో పోయారు. చేతిలో వైద్యవిద్య ఉండి కూడా అయినవాళ్ళను దక్కించుకోలేకపోయిన బాధ ఆయనను జీవితాంతం విడవలేదు. ఉన్న మందులను వాడడం కాదు, లేని మందులను కనిపెట్టాలి అనే పట్టుదల అక్కడే పుట్టినదని చెప్పవచ్చు. మామగారి సాయంతోనూ, కాకినాడ మల్లాడి సత్యలింగం నాయకర్‌గారి ధర్మసంస్థ ఆసరాతోనూ ఓడ ఎక్కి 1923 అక్టోబరులో బోస్టన్ నగరం చేరారు. మళ్ళీ స్వదేశాన్ని చూడడం ఆయనకు ప్రాప్తించలేదు.

హార్వర్డ్‌లో ఉష్ణదేశపు జబ్బుల శాస్త్రం చదువుతూ, పొట్టకూటికోసం ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్ర పాత్రలు కడిగే పని చేశారు. పగలు ప్రయోగశాల. సైరస్ ఫిస్క్‌తో కలిసి నెత్తుటిలోను, మూత్రంలోను ఉండే భాస్వరాన్ని రంగునుబట్టి కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. నేటికీ జీవరసాయన శాస్త్రం చదివేవారు ఇద్దరి పేర్లూ కలిపే ఆ పద్ధతిని పిలుస్తారు. కండరంలో శక్తి నిలవచేసే ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లో, ఎ.టి.పి. అనే పదార్థాన్ని 1929లో వారు వివరించారు. 1930లో డాక్టరేట్ వచ్చినది. ఇంత చేసినా విశ్వవిద్యాలయంలో స్థిరమైన ఉద్యోగం దక్కలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రం పెర్ల్ రివర్ ఊళ్ళో ఉన్న లీడర్లే మందుల కంపెనీలో చేరి, కొద్ది సంవత్సరాల్లోనే పరిశోధనా విభాగాన్ని నడిపే బాధ్యత వహించారు.

అక్కడ జరిగిన పని ఒకరి పని కాదు. రసాయనికులు, సూక్ష్మజీవి శాస్త్రజ్ఞులు, పరాన్నజీవుల నిపుణులు కలిసి పనిచేసేవారు. ఏ దారిలో వెతకాలో చూపడం, దారి తప్పినప్పుడు సర్దడం, నిరాశపడినవారికి ధైర్యం చెప్పడం సుబ్బారావుగారి వంతు. సంగ్రహణికి, గర్భిణుల రక్తహీనతకు పనికివచ్చే ఫోలిక్ ఆమ్లాన్ని 1945 నాటికి కృత్రిమంగా తయారుచేయగలిగారు. అన్నదమ్ములను తీసుకుపోయిన జబ్బుకు ఇరవై యేళ్ళు దాటిన తరువాత ఆయన ప్రయోగశాలనుంచే మందు వచ్చినది. ఆ ఫోలిక్ ఆమ్లానికి అడ్డుపడే పదార్థాలను కూడా అక్కడే తయారుచేశారు. వాటితోనే బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ 1947–48లో రక్తపు కాన్సరు పిల్లలకు చికిత్స మొదలుపెట్టాడు.

ఇక పురుగుల సంగతికి వద్దాము. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో పసిఫిక్ దీవులకు వెళ్ళిన అమెరికా సైనికులు వేలాదిమంది ఫైలేరియా జబ్బు అంటించుకున్నారు. దోమ కుట్టినప్పుడు ఒంట్లోకి చేరే సన్నని దారంవంటి పురుగులు వాపులు తెస్తాయి. మన కోస్తా జిల్లాలలో, ముఖ్యంగా గోదావరి ప్రాంతంలో, బోదకాలు తరతరాలుగా ఎరిగిన జబ్బే. భీమవరంలో పుట్టిన మనిషికి ఆ కాలు ఎట్లా ఉంటుందో పుస్తకం చూసి తెలుసుకోవలసిన అవసరం లేదు. అప్పటికి వాడుతున్నవి ఆంటిమొనీ, ఆర్సెనిక్ లవణాలు. రెండూ విషాలే. పురుగు చచ్చేలోగా రోగి సొమ్మసిల్లే ప్రమాదముండేది.

మనిషిలోని పురుగును ప్రయోగశాలలో పెంచడం కుదరదు. అందుకని లీడర్లే వారు దాని జ్ఞాతులను పట్టుకున్నారు. కాటన్ ర్యాట్ అనే అమెరికా ఎలుకలో ఒక రకం ఫైలేరియా పురుగు ఉంటుంది. కుక్కలో ఉండేది డైరోఫైలేరియా ఇమ్మైటిస్, అనగా గుండెపురుగు. పైపరజీన్ అనే రసాయనం నుంచి పుట్టించిన పదార్థాలను ఒక్కొక్కటిగా ఈ జంతువులమీద పరీక్షించారు. హెవిట్, కుష్నర్ మొదలైనవారితో కలిసి సుబ్బారావుగారు, సహజంగా ఈ పురుగులు పట్టిన ఎలుకలలోను కుక్కలలోను డైఇథైల్ కార్బమజీన్ పనితీరును 1947లో ప్రకటించారు. దానికి కంపెనీ పెట్టిన పేరు హెట్రజాన్. విషపు సూదిమందు కాదు, నోట వేసుకునే మాత్ర. నెత్తుటిలో ఈదులాడే పిల్లపురుగులు త్వరలోనే మాయమయ్యాయి. అదే సంవత్సరం ప్యూర్టో రికోలో మనుష్యులకు ఇచ్చి చూసిన ఫలితాలు కూడా వెలువడినవి.

ఈ మందులో ఒక విశేషముంది. గాజుపాత్రలో ఉంచిన పురుగుపిల్లలమీద పోస్తే అది అంతగా పనిచేయదు. ఒంట్లోకి వెళ్ళిన తరువాత మాత్రం పిల్లపురుగులు శరీరపు రక్షకకణాలకు చిక్కిపోతాయి. అంటే మందు సగం పని చేస్తే, తక్కిన సగం ప్రాణి తన బలంతో చేసుకుంటుంది. మన దేశంలో 1955లో మొదలైన జాతీయ ఫైలేరియా నియంత్రణ ప్రణాళికకు ఈ మందే ఆధారమైనది. 2004 నుంచి బోదకాలు ఉన్న జిల్లాలలో ఊరంతటికీ యేటా పంచే మాత్రలలోనూ ఇదే ముఖ్యము.

మనిషికి ఇంత మేలు చేసిన మందు కుక్కకు ఏమి చేసింది? ఇక్కడ కొంచెం జాగ్రత్తగా వినాలి. దోమ కుట్టినప్పుడు కుక్క ఒంట్లో పడ్డ గుండెపురుగు పిల్ల ఆరేడు నెలల్లో పెద్దదవుతుంది. ఆడపురుగు జానెడుకు మించిన పొడవు, అనగా 25 నుంచి 30 సెంటీమీటర్లు. ఊపిరితిత్తులకు పోయే రక్తనాళాల్లోను, గుండె కుడివైపునా ఐదు నుంచి ఏడేళ్ళు బతుకుతుంది. అక్కడ కన్న పిల్లపురుగులు నెత్తుటిలో తిరుగుతూ మరొక దోమకోసం కాచుకొని ఉంటాయి. హెట్రజాన్ ఈ పిల్లలను తీసివేస్తుంది, పెద్ద పురుగులను నమ్మకంగా చంపదు. అంతేకాదు, నెత్తుటిలో పిల్లపురుగులు కిక్కిరిసి ఉన్న కుక్కకు ఆ మాత్ర వేస్తే, అవన్నీ ఒక్కసారిగా చావడంతో కుక్క నిలువునా కూలిపోవచ్చు, గంటల్లో ప్రాణం కూడా పోవచ్చు. అందువల్ల కుక్కలలో ఆ మందు వైద్యానికి కాక నివారణకు స్థిరపడినది. 1960ల నుంచి అమెరికాలో పురుగు లేదని నెత్తురు పరీక్షలో తేలిన కుక్కలకు దోమల కాలమంతా రోజూ ఒక మాత్ర వేసేవారు. 1987లో నెలకొకసారి వేసే ఐవర్‌మెక్టిన్ వచ్చిన తరువాత రోజు మాత్ర వెనకపడినది.

కనుక మన యిళ్ళవారికి మొదటి మాట ఇది. సర్కారు వారు మనుష్యులకిచ్చిన బోదకాలు మాత్ర మిగిలినది గదా అని కుక్క అన్నంలో కలపరాదు.

జబ్బు ముదిరిన కుక్కను గుర్తుపట్టడం కష్టం కాదు. మొదట పొడిదగ్గు, కొంచెం పరుగెత్తితే ఆయాసం. పిమ్మట తిండి తగ్గి ఒళ్ళు చిక్కిపోతుంది. గుండె అలసిపోయినప్పుడు పొట్టలో నీరు చేరుతుంది. ఒక కుక్కలో సుమారు 15 పురుగులుండడం సామాన్యం. విషమించిన చోట 200 దాటినవి కూడా ఉన్నవి.

ఇట్టి కుక్కకు చేసే వైద్యంలో అసలు చిక్కు పురుగును చంపడంలో లేదు. చచ్చిన పురుగు ఎక్కడికి పోతుంది? ముక్కలై, నెత్తుటితో కొట్టుకుపోయి, ఊపిరితిత్తుల సన్నని నాళాల్లో అడ్డుపడుతుంది. ఒకేమారు అన్నీ చస్తే కుక్క కూడా చస్తుంది. ఇరవయ్యవ శతాబ్దం మధ్యభాగంలో నరానికి ఎక్కించే ఆర్సెనిక్ మందు వాడేవారు. నరం జారి బయట పడితే ఆ చోటు కుళ్ళిపోయేది. 1995 నుంచి అమెరికాలో వాడుకలో ఉన్న మెలార్సొమీన్ కూడా ఆర్సెనిక్ జాతిదే కాని, నడుము కండరంలో లోతుగా వేస్తారు, కొంత నయము.

నేడు అమెరికాలో గుండెపురుగు నిపుణుల సంఘం చెప్పే వరుస ఇట్లా ఉన్నది. జబ్బు నిర్ధారణ కాగానే కుక్కను కట్టడి చేసి పరుగులు మాన్పిస్తారు. నెలకొకసారి వేసే నివారణ మాత్ర మొదలుపెడతారు. డాక్సీసైక్లిన్ నాలుగు వారాలు ఇస్తారు. తరువాత ఒక నెల ఆగుతారు. అరవయ్యో రోజు ప్రాంతంలో ఒక మెలార్సొమీన్ సూదిమందు, మళ్ళీ నెల గడిచిన తరువాత వరుసగా రెండు రోజులు రెండు. రెండే సూదులు వేసేకంటే ఈ విధంగా మూడు వేస్తే ఎక్కువ పురుగులు, నూటికి 98 వరకు, చస్తాయి. పెద్ద గుంపు ఒక్కసారిగా చావకుండా విడతలుగా చావడం వల్ల ప్రాణానికి భద్రత. అవసరాన్నిబట్టి వాపు తగ్గించే ప్రెడ్నిసొలోన్ కలుపుతారు. ఆఖరి సూది తరువాత ఆరు నుంచి ఎనిమిది వారాలు కుక్కను గొలుసుతోనో, గదిలోనో ఉంచి విశ్రాంతి ఇవ్వాలి. వైద్యులందరూ చెప్పేది ఇదే: ఈ చికిత్సలో మందుకంటె విశ్రాంతి కష్టము. కొంచెం తేరుకోగానే కుక్క ఉత్సాహంతో పరుగెడుతుంది, ఆ పరుగే దాని ప్రాణం తీస్తుంది.

పురుగులు గుండె ద్వారాన్నే అడ్డుకుంటే సంగతి వేరు. కుక్క ఉన్నట్టుండి చతికిలబడుతుంది, చిగుళ్ళు పాలిపోతాయి, మూత్రం ముదురు ఎరుపుగా వస్తుంది. అప్పుడు సూదిమందు పనికిరాదు. మెడలోని పెద్ద సిరను తెరిచి, సన్నని పటకారు లోనికి పంపి పురుగులను ఒక్కొక్కటిగా లాగివేయాలి. త్వరగా చేస్తే కొన్ని దక్కుతాయి. ఆలస్యమైతే దక్కవు.

ఈ వరుసలో డాక్సీసైక్లిన్ ఎందుకు వచ్చినదో చూడండి. గుండెపురుగు ఒంటిలో వోల్బాకియా అనే సూక్ష్మజీవులు కాపురముంటాయి. అవి లేనిదే పురుగుకు సత్తువ లేదు, సంతానము లేదు. డాక్సీసైక్లిన్ వాటిని నశింపజేసి పురుగును నీరసపరుస్తుంది. చచ్చేటప్పుడు రేగే వాపును కూడా తగ్గిస్తుంది. ఆ మందు టెట్రాసైక్లిన్ వంశానిది. ఆ వంశంలో మొట్టమొదటిదైన ఆరియోమైసిన్ సుబ్బారావుగారు నడిపిన ప్రయోగశాల నుంచే 1948లో లోకానికి వెల్లడైనది. మట్టిలోని బూజువంటి జీవి నుంచి దాన్ని తీసినవాడు బెంజమిన్ డుగ్గర్, డెబ్బయ్యేళ్ళు దాటిన వృక్షశాస్త్ర పండితుడు. విశ్వవిద్యాలయం విశ్రాంతి యిచ్చిన వృద్ధుడికి లీడర్లేలో బల్ల దొరికినది. ఒకే గృహం నుంచి ఒకటి పురుగు పిల్లల మీదికి, ఒకటి పురుగు లోపలి జీవి మీదికి, రెండు దారులు బయలుదేరినవి. రెండవది కుక్కకు పనికివస్తుందని ఆనాడు ఎవరికీ తోచలేదు.

ఇక మన ప్రాంతం సంగతి. మన దేశంలో గుండెపురుగు ఈశాన్య రాష్ట్రాల కుక్కలలో ఎక్కువగా కనిపించినది. దక్షిణాదిలో చర్మం క్రింద ఉండే దాని జ్ఞాతి, డైరోఫైలేరియా రెపెన్స్, ఎక్కువ. రెంటినీ మోసేది దోమే. కుక్కనుంచి కుక్కకు తాకుడు వల్ల రాదు. మనిషిని అరుదుగా పట్టినా సాధారణంగా ఒక గడ్డగా మిగిలి ఆగిపోతుంది. కనుక భయపడనక్కరలేదు కాని అశ్రద్ధ కూడదు. దగ్గి చిక్కిపోతున్న కుక్కను దగ్గరి పశువుల ఆసుపత్రిలో చూపి నెత్తురు పరీక్ష చేయించాలి. పెద్ద వైద్యం కావలసివస్తే 1985లో ఏర్పడిన నామక్కల్ పశువైద్య కళాశాల మనకు అందుబాటులో ఉన్నది. 1903లో వెలసిన మద్రాసు పశువైద్య కళాశాల ఉండనే ఉన్నది. మెలార్సొమీన్ అన్నిచోట్లా దొరకదు. అది లేనప్పుడు డాక్సీసైక్లిన్‌తోను నెలమాత్రతోను మెల్లగా తగ్గించే పద్ధతిని పశువైద్యులు ఎంచుకోవచ్చు. దానికి చాలా నెలలు పడుతుంది, ఆలోగా పురుగు చేసే కీడు చేస్తూనే ఉంటుంది. అమెరికాలో, అందులోనూ వేడి, దోమలు హెచ్చుగా ఉన్న దక్షిణపు రాష్ట్రాలలో ఉన్న మన పిల్లలు మాత్రం నెలమాత్ర ఒక్కటి కూడా తప్పనీయరాదు. దాని ఖర్చు చికిత్స ఖర్చులో బహు స్వల్పభాగం. ఏడాదికొకసారి పరీక్ష కూడా ముఖ్యమే. నీరు నిలవని పెరడు కుక్కకూ మంచిది, మనకూ మంచిది.

సుబ్బారావుగారు 1948 ఆగస్టులో పెర్ల్ రివర్‌లో నిద్రలోనే గుండె ఆగి మరణించారు. వయస్సు 53 సంవత్సరాలు. హెట్రజాన్ వెలువడి అప్పటికి ఏడాది మాత్రమే. మన దేశపు ఫైలేరియా ప్రణాళికను గాని, కుక్కల నివారణ మాత్రను గాని, టెట్రాసైక్లిన్ వంశపు విస్తరణను గాని ఆయన చూడలేదు. ఇక్కడ శేషగిరిగారు ఆయన రాకకోసం పాతికేళ్ళు ఎదురుచూశారు. అమెరికా చట్టం 1946 దాకా హిందూ దేశస్థులకు పౌరసత్వం పొందే వీలే ఇవ్వలేదు. పరదేశిగానే ఉండి ఆయన చేసిన పని ఆ దేశానికీ, ఈ దేశానికీ, నోరులేని ప్రాణికీ సమానంగా అందినది. ఆయన శతజయంతి సందర్భంగా 1995లో భారత తపాలాశాఖ ఒక బిళ్ళ విడుదలచేసినది.

ఊరు విడిచి వచ్చిన మనవంటి కుటుంబాలకు ఆయన చరిత్రలో రెండు సంగతులు దక్కుతున్నవి. పుట్టిన చోటి బాధను మరచిపోకుండా, చేరిన చోట కూర్చొని దానికి విరుగుడు వెతకవచ్చును. పురుగును చంపడంతో వైద్యం ముగియదు, పురుగు పట్టిన ప్రాణి బతికి లేచి తిరగాలి. పిల్లలకు ఈ చరిత్ర చెప్పండి. చెప్పేటప్పుడు వాకిట్లో పడుకున్న కుక్క దగ్గుతున్నదేమో కూడా ఒకమారు చూడండి. సంఘ సభ్యులందరికీ, వారి యింటి పశువులకూ, కాపలా కాసే ప్రాణులకూ ఈ నూతన సంవత్సరం ఆరోగ్యప్రదం కావాలని కోరుతున్నాము.